ఆ బటన్ నొక్కే ముందు కిందికి దిగి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ను బటన్ నొక్కి తీసేసి, విజయనగరం రింగు రోడ్డు మీద కారు సత్తా చూస్తానన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. వద్దని చెబితే వినే వయసు కాదు నీది, అందుకే ఎప్పుడు తీయాలో, ఎప్పుడు తీయకూడదో రాస్తున్నాను.

పెట్రోలు కారులో ఇంజన్ ఊపందుకునేదాకా బలం రాదు, మధ్యలో క్లచ్ ఒకటి ఉంటుంది. నీ మహీంద్రా బీఈ 6 కరెంటు కారు, దాని మోటారుకు ఆ ఆలస్యం లేదు. 380 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, కారు నిలబడి ఉన్నప్పుడే వెనక చక్రాల మీద పడుతుంది. చక్రం జారిన మరుక్షణం కంప్యూటర్ ఆ బలాన్ని కోసేస్తుంది కాబట్టే నీకు అంతా తేలికగా అనిపిస్తోంది. అది తీసేసి తడి తారు మీద, లేదా సంక్రాంతి ముందు మన పల్లెల్లో రోడ్డు మీదే ఆరబోసే ధాన్యం మీద పెడల్ తొక్కావంటే, కారు వెనక భాగం నీకంటే ముందు వెళ్లాలని చూస్తుంది.

తీయాల్సిన చోటు ఒకటుంది, ఇసుక. అక్కడ చక్రాలు కాస్త తిరిగితేనే బండి కదులుతుంది, కంప్యూటరేమో జారుతోందని బలం ఆపేస్తుంది. నిరుడు కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే వైపు, నాకు జరిగింది ఇదే. కోపమొచ్చి బటన్ నొక్కి గట్టిగా తొక్కాను. నాలుగు సెకన్లలో చక్రాలు గొయ్యి తవ్వుకున్నాయి, అడుగున బ్యాటరీ పెట్టె ఇసుక మీద కూర్చుంది. జాలర్లు పారలతో తవ్వి, తాడు కట్టి లాగారు. వాళ్ల నవ్వులు ఇప్పటికీ గుర్తే. మొదటే అన్ని టైర్లలో గాలి ఇరవై పీఎస్‌ఐ దాకా తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి, పెడల్‌ను గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కి ఉంటే వాళ్ల అవసరమే ఉండేది కాదు. గట్టి నేల తగలగానే కంట్రోల్ మళ్లీ పెట్టు, గాలి నింపేదాకా వేగంగా నడపకు.

బురద సంగతి వేరు. ఒక చక్రం గుంటలో, ఇంకొకటి గట్టి నేల మీద ఉంటే బటన్ ముట్టుకోకు. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ఉన్న కారులో బలం జారే చక్రానికే వృథాగా పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ చక్రానికి బ్రేకు వేసి, రెండోదానికి బలం అందేలా చేస్తుంది. చాలామంది ఇక్కడే తలకిందులు చేస్తారు. అందుకే ముందు దిగి చక్రాలు చూడమంటాను.

ఇంకొకటి, స్టెబిలిటీ కంట్రోల్ దీనికి అన్న వంటిది, మలుపుల్లో కారు పక్కకు జారి తిరిగిపోకుండా కాస్తుంది. కొన్ని కార్లలో బటన్ ఎక్కువసేపు పట్టుకుంటే అదీ పోతుంది. నీ కారులో ఎలాగో పుస్తకం తీసి చదువు. వాన రోజు రీజెన్ (కాలు తీయగానే మోటారే కారును నెమ్మది చేసి బ్యాటరీ నింపే ఏర్పాటు) కూడా తగ్గించుకో, పెడల్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసినా వెనక చక్రాలు జారగలవు.

కారు ఆగిపోతే మాత్రం వెనక చక్రాలు నేల మీద ఉంచి ఊరిదాకా లాగించకు, చక్రాలతో పాటు మోటారు కూడా తిరుగుతూ కరెంటు పుట్టిస్తుంది, దాంతో లోపలి భాగాలు పాడవొచ్చు. లారీ మీద ఎక్కించాలి.

వచ్చే ఆదివారం కళింగపట్నం వెళదాం. పార, తాడు నా దగ్గర ఉన్నాయి. టైర్లకు గాలి కొట్టే పంపు నువ్వు తీసుకురా.

మీ మామయ్య,
శ్రీకాకుళం