నెలలు నిండని బిడ్డ బాగానే ఉన్నా యాంటీబయాటిక్స్ ఎందుకు?

మీ వదినకు ఉమ్మనీరు పోయి 31 వారాలకే కాన్పయిందని, బిడ్డ బాగానే ఉన్నా యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారని, పక్కనున్న 30 వారాల బిడ్డకు మాత్రం అవి ఇవ్వడం లేదని రాశారు. విశాఖపట్నంలో నవజాత శిశువుల వార్డులో ఏళ్లతరబడి నర్సుగా పనిచేశాను. ఈ ప్రశ్న మమ్మల్ని అడగని కుటుంబం లేదు.

వైద్యులు ముందుగా చూసేది కాన్పు ఎందుకు ముందుకొచ్చిందని. తల్లికి బీపీ పెరిగి, నొప్పులు రాకముందే, ఉమ్మనీటి సంచి పగలకముందే సిజేరియన్ చేస్తే తొలి 72 గంటల్లో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం బాగా తక్కువ. బహుశా పక్క బిడ్డది అదే కావచ్చు. నొప్పులు వాటంతట అవే వచ్చినా, ఉమ్మనీరు ముందే పోయినా అనుమానించాల్సిందే. ఒక్కోసారి గర్భసంచిలోని ఇన్ఫెక్షనే కాన్పు తెచ్చిపెడుతుంది. నీరు పోయి 18 గంటలు దాటినా, తల్లికి జ్వరమున్నా, ఉమ్మనీరు దుర్వాసన వచ్చినా భయం ఇంకా పెరుగుతుంది. పైగా తల్లి రక్తంలోని, క్రిములతో పోరాడే యాంటీబాడీలు బిడ్డకు ఎక్కువగా చేరేది చివరి వారాల్లోనే. మీ బిడ్డ ఆలోపే పుట్టింది.

గాజువాక నుంచి వచ్చిన ఒక బాలింత కేసు షీటులో ఉమ్మనీరు తెల్లవారుజామున పోయినట్టు రాసి ఉంది. పిండిన పాలు తెచ్చిన ఆమె అత్తగారు మాటల్లో, "ముందురోజు పొద్దుటి నుంచే బట్టలు తడుస్తున్నాయమ్మా, మూత్రమేమో అనుకున్నాం" అన్నారు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాను. ఆయన గంటలు మళ్లీ లెక్కగట్టి, రక్తం కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) తీయించి మందు మొదలుపెట్టించారు.

ఇంత చిన్న బిడ్డల్లో జ్వరం కోసం చూస్తూ కూర్చోకూడదు. చాలాసార్లు ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి మధ్యలో ఆగుతుంది, పాలు అరగవు. అవి కనిపించే సరికే ఆలస్యం కావచ్చు కాబట్టి ముందే మందు ఇస్తారు.

అలాగని రోజుల తరబడి వాడటమూ మంచిది కాదు, పేగులకు చేటు. కల్చర్‌లో 36 నుంచి 48 గంటలకూ ఏ క్రిమీ పెరగక, బిడ్డ నిలకడగా ఉంటే సాధారణంగా ఆపేస్తారు. రిపోర్టు ఎప్పుడొస్తుందో మొహమాటపడకుండా అడగండి. ఈలోగా మీ వదిన పాలు చుక్కలైనా సరే పిండి పంపండి. నీరు మొదట ఎప్పుడు కారిందో కూడా ఆమెను నెమ్మదిగా అడగండి. కేసు షీటులో రాసినదానికంటే ముందే అయితే ఈ రోజే డాక్టరుకు చెప్పండి.