ఆ కన్నీళ్లు ఎక్కడున్నాయమ్మా?

అమ్మాయీ, ఆశీస్సులు.

ఫ్రెంచి చిత్రకారుడు మిలే మీద, పరిగె ఏరే ముగ్గురు స్త్రీలను అతను వేసిన బొమ్మ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అతను బతికిన బార్బిజాన్ పల్లె గురించి రాసిన పేరా బాగుంది. మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. “పరిగె ఏరుకుంటున్న ఆ ముగ్గురు అభాగినుల కళ్లలో ఉబికే కన్నీరు మన గుండెల్ని పిండేస్తుంది” అన్నావు. ఏ కన్నీరమ్మా? మిలే వాళ్ల ముఖాలను నీడలో ఉంచాడు. కళ్లే సరిగా కనిపించవు.

ఆ బొమ్మ మళ్లీ ముందు పెట్టుకో. నీలి తలగుడ్డ కట్టుకున్నామె ఒక చెయ్యి నేలకు చాచింది, రెండో చేతిని నడుం మీదికి మడిచింది. ఆ వెనక చేతిలో అప్పటిదాకా ఏరిన ధాన్యపు వెన్నుల కట్ట ఉంది. పొద్దంతా వంగి పనిచేసే ఒంటికి అలవాటైన తీరు అది. నార్మండీ రైతు బిడ్డ, తానూ పొలం పని చేసినవాడు కాబట్టి మిలే ఆ చేతిని అలా పెట్టగలిగాడు. దూరంగా ఎండలో పెద్ద పెద్ద కుప్పలు, నిండిన బండి, గుర్రం మీద పనివాళ్లను కనిపెట్టి చూసే మనిషి. కోతయిన చేలో రాలినవి ఏరుకోవడం వరకే వీళ్ల హక్కు. ఇంత ఉండగా కన్నీళ్లెందుకు?

1857లో పారిస్‌లో జరిగిన సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో ఆ బొమ్మ చూసిన ఒక విమర్శకుడికి ఆ స్త్రీల వెనక ఫ్రెంచి విప్లవంలో 1793 నాటి వధ్యవేదికలు కనిపించాయి. వాళ్లు ఏడుస్తూ చెయ్యి చాచి ఉంటే అక్కడి పెద్దమనుషులు జాలిపడి, తృప్తిగా భోజనానికి వెళ్లేవారు. తలవంచుకుని పని చేసుకుపోయేవాళ్లను చూస్తేనే వాళ్లకు భయం. మరో ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే 1849లో వేసిన రాళ్లు కొట్టేవాళ్లూ అంతే. ముసలాయన ముఖాన్ని టోపీ కప్పేసింది, కుర్రవాడు అటు తిరిగి ఉన్నాడు. మనకు దక్కేవి మాసికల బట్టలు, రాళ్లు, సుత్తి. అసలు చిత్రం 1945లో యుద్ధంలో పోయింది. ఫోటోలో చూసినా ఆ కుర్రవాడి వీపు మీద బరువు తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు కోపం ఎందుకంటే, నేనూ ఈ తప్పు చేశాను. నా తొలి కథల్లో ఒకటి పరిగె ఏరే తల్లి మీదే. ఒక సంపాదకుడు తిప్పి పంపుతూ “ఆర్ద్రత చాలదు” అని రాశాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో ఆమెను రెండుచోట్ల ఏడిపించాను. వెంటనే వేశారు. పత్రిక తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. చిన్నతనంలో పరిగె ఏరిన మనిషి ఆమె. అంతా విని, “కళ్లలో నీళ్లుంటే వెన్ను ఎలా కనబడుతుందిరా?” అంది. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆర్ద్రత అన్న మాట ఇప్పటికీ పత్రికల్లో చెలామణీ అవుతూనే ఉంది. ఎందరు మంచి కథకులను అది పాడుచేసిందో!

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మూడో పేజీ తిరగరాయి. కుడివైపు మూడో ఆమె ఉంది చూడు, పూర్తిగా నిలబడలేదు, పూర్తిగా వంగనూ లేదు. ఆమె లేస్తోందో, మళ్లీ వంగబోతోందో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. నీకేమనిపిస్తుందో రాసి పంపు.