వంద శాతం పాస్ అంటే ఎవరిలో వంద శాతం?

ప్రశ్న: అక్కా, మాది తణుకు. లెక్కల్లో ఎమ్మెస్సీ, బీఈడీ చేసి ఆరేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. మా ఆయన హెచ్1బీ ఉద్యోగం వల్ల నాకొచ్చిన హెచ్4 వీసా మీద టెక్సాస్‌లోని డాలస్ వచ్చి ఏడాదైంది. ఇక్కడ టీచర్ అవ్వాలని ఉంది. ఏ యూనివర్సిటీని అడిగినా మా టీచర్ ట్రైనింగ్ ప్రోగ్రామే మంచిదంటోంది. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఎవర్నీ నమ్మక్కర్లేదు చెల్లీ, కాగితం చూడు. మన దగ్గరైతే ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా, అటెండెన్స్ గట్టిగా అడుగుతారా అని అక్కడ చదివినవాళ్లని వాకబు చేస్తాం. ఇక్కడ కాలేజీ తన లెక్కలు తానే బయటపెట్టాలని చట్టమే ఉంది. అందరూ టైటిల్ టూ రిపోర్ట్ అంటారు. 1998లో ఉన్నత విద్యా చట్టంలో చేర్చారు. ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునే విద్యార్థులుండి, టీచర్లను తయారుచేసే యూనివర్సిటీలన్నీ ఏటా ఈ వివరాలు ఇవ్వాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, బడిలో పర్యవేక్షణ కింద ఎన్ని గంటలు పనిచేయించారు, టీచర్ లైసెన్సు పరీక్షల్లో ఎంతమంది పాసయ్యారు, అన్నీ అందులో ఉంటాయి. ఏప్రిల్ 30లోగా రాష్ట్రానికి పంపితే, రాష్ట్రం అక్టోబర్ 31లోగా వాషింగ్టన్‌కు పంపుతుంది. అంటే నువ్వు చదివే అంకెలు ఏడాది, ఏడాదిన్నర పాతవి. అది గుర్తుపెట్టుకుని చదువు.

ఇక పాస్ శాతం సంగతి. నేను చేరినప్పుడు బ్రోషర్ మీద పెద్దక్షరాల్లో వంద శాతం అని ఉంది. మా ఆయనకి చూపించి మురిసిపోయాను కూడా. రెండో సెమిస్టర్‌లో గానీ తెలియలేదు, అక్కడ ఆ లైసెన్సు పరీక్ష పాసైతే తప్ప ప్రోగ్రామ్ పూర్తయినట్టు రాయరని. తప్పినవాళ్లు లెక్కలోకే రారు. ఉడికిన మెతుకులే ఏరి చూపించి అన్నమంతా ఉడికిందన్నట్టు ఉంది వ్యవహారం. అబద్ధం అనలేం, నిజమూ కాదు. నాతో మొదలుపెట్టినవాళ్లలో ఇద్దరు మధ్యలోనే మానేశారు, వాళ్లు ఏ శాతంలోనూ లేరు.

కాబట్టి రిపోర్ట్ తీసినప్పుడు పైనున్న ఒక్క లైను చూసి ఆగిపోకు. ప్రోగ్రామ్ పూర్తిచేసినవాళ్ల పాస్ శాతం ఒకచోట, కోర్సులన్నీ ముగించి ఇంకా పూర్తికానివాళ్లది ఇంకోచోట ఉంటాయి. ఆ రెండోది చూడు. చేరినవాళ్ల సంఖ్యకి, పూర్తిచేసినవాళ్ల సంఖ్యకి మధ్య తేడా కూడా చూడు. పరీక్ష రాసినవాళ్లు పదిమంది కంటే తక్కువైతే శాతం వేయరు. అది ఖాళీగా ఉందని కంగారుపడొద్దు, చిన్న సబ్జెక్టుల్లో మామూలే. టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. ప్రోగ్రామ్ వాళ్లు అనుమతి ఇస్తేనే నువ్వు సర్టిఫికేషన్ పరీక్ష, అంటే ఆ లైసెన్సు పరీక్షే, రాయగలవు. అనుమతి ఎప్పుడిస్తారు, ఏ షరతు మీద ఇస్తారు అని ఇన్ఫర్మేషన్ సెషన్‌లోనే అడుగు. నీళ్లు నమిలితే అర్థం చేసుకో.

యూనివర్సిటీ చెప్పేది ఒకటైతే, ఇక్కడి రాష్ట్ర విద్యాశాఖ, అంటే టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ చెప్పేది ఇంకొకటి. నాకైతే ఈ రెండోదాని మీదే ఎక్కువ నమ్మకం. ప్రోగ్రామ్‌లని వరసగా పోల్చుకునేలా పెడతారు. కొత్త టీచర్ల గురించి ప్రిన్సిపాళ్లు ఏమన్నారు, ఆ కొత్త టీచర్లు తమ శిక్షణ గురించి ఏమన్నారు, సూపర్‌వైజర్ క్లాసుకొచ్చి చూడాల్సినన్నిసార్లు చూశారా అన్నవి అక్కడ దొరుకుతాయి. ప్రోగ్రామ్‌కి వార్నింగ్ ఇచ్చినా, ప్రొబేషన్‌లో పెట్టినా అక్కడే తెలుస్తుంది. బ్రోషర్‌లో అది ఎవరు వేస్తారు చెప్పు?

కేప్ అనే జాతీయ గుర్తింపు సంస్థ ఉంది, 2013 నుంచి పనిచేస్తోంది. దాని గుర్తింపు ఉన్న కాలేజీలు పూర్వ విద్యార్థుల పనితీరు, ఉద్యోగమిచ్చినవాళ్ల అభిప్రాయం, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి లాంటివి ఏటా జనానికి చూపించాలి. ఎక్కడో అడుగున దాచిపెడతారు, వెతుక్కోవాలి. సర్వేకి ఎంతమంది బదులిచ్చారో కూడా చూడు. నలుగురు బదులిస్తే 75 శాతం అంటే ముగ్గురే కదా, లెక్కల టీచర్‌వి నీకు చెప్పాలా! టెక్సాస్‌లో ఈ గుర్తింపు తప్పనిసరి కాదు. లేనంతమాత్రాన ప్రోగ్రామ్ చెడ్డదని కాదు, రాష్ట్రం ఆమోదం మాత్రం ఉండితీరాలి.

మనవాళ్లని ఎక్కువగా దెబ్బకొట్టేది వేరే ఉంది. మీ ఆయన ప్రాజెక్టు రేపు షార్లెట్‌కో న్యూజెర్సీకో మారితే? ఇక్కడ టీచర్ లైసెన్సు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. అందుకే 2020 జులై నుంచి ఒక ఫెడరల్ నిబంధన ఉంది. తమ ప్రోగ్రామ్ ఏయే రాష్ట్రాల లైసెన్సు షరతులకి సరిపోతుందో, వేటికి సరిపోదో యూనివర్సిటీ జాబితా పెట్టాలి. నువ్వున్న రాష్ట్రానికి సరిపోకపోతే చేరకముందే నీకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అయితే ఈ జాబితా చూడకుండా ఒక్క డాలరు కూడా కట్టకు. ఫోన్‌లో ‘పర్వాలేదండీ, సరిపోతుంది’ అంటే సరే అనకు, ఈమెయిల్‌లో రాసివ్వమను.

ఇంకోటి, హెచ్4 మీద చదువుకోవచ్చు కానీ ఈఏడీ, అంటే పనిచేయడానికి అనుమతిచ్చే కార్డు, లేకుండా జీతం తీసుకోకూడదు. టెక్సాస్‌లో మొదటి ఏడాదే జీతమిస్తూ ఇంటర్న్‌గా పాఠాలు చెప్పించే ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. ఈఏడీ లేకపోతే వాటి జోలికి పోకు. జీతం లేని స్టూడెంట్ టీచింగ్ ఉన్న దారి చూసుకో, అదీ వీసా సంగతి లాయర్‌ని అడిగాకే. ఈఏడీ కూడా అందరికీ రాదు, మీ ఆయన గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో ఆయన కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిందా ముందు కనుక్కో.

అసలు నీకు మొత్తం ప్రోగ్రామ్ కావాలో లేదో కూడా తేల్చుకో. వేరే దేశంలో టీచర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పత్రాలు పరిశీలించే పద్ధతి టెక్సాస్‌లో విడిగా ఉంది. నీ బీఈడీకి అది వర్తిస్తుందా అని ఏజెన్సీకే రాయి. ఏ దారిలో వెళ్లినా మన డిగ్రీలు ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ కావాలి, దానికి మార్కుల జాబితాలు యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్‌లో అడుగుతుంటారు. అందుకని తణుకులో నాన్నగారికి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. ఎండలు ముదరకముందే ఆయన ఒకసారి యూనివర్సిటీకి వెళ్లి వాటికి అప్లై చేసి వస్తే నయం.