స్టీరింగ్ లాగుతోందన్నావు కదా, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తాడిపత్రి దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, "స్టీరింగ్‌ని పక్కనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టయింది మామా" అన్నావు. అలైన్‌మెంట్ చూపిస్తే అంతా సరిగ్గానే ఉందన్నారట. వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. దీన్ని టార్క్ స్టీర్ అంటారు. బలమైన ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే బండ్లకు ఉండే గుణం ఇది. ఫోన్‌లో చెబితే సగం గాల్లో పోతుందని కాగితం పట్టుకున్నాను.

చిన్నప్పుడు తిరునాళ్లలో నిన్ను భుజం మీద ఎక్కించుకుని బండలాగుడు పోటీలు చూపించేవాణ్ణి, గుర్తుందా? రెండెద్దులూ ఒక్కసారిగా కాడికి మెడ ఇస్తే బండ తిన్నగా కదులుతుంది. ఒకటి అర క్షణం ముందు ఉరికిందంటే కాడి ఓరగా తిరిగి బండ పక్కకు పోతుంది. రెండూ బలమైన ఎడ్లే, లాగడంలోనే తేడా. నీ కారులోనూ జరిగేది అదే. ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని పక్కన గేర్‌బాక్స్. 1964లో ఇటలీలో డాంటే జకోసా అనే ఇంజనీరు ఆటోబియాంకీ ప్రిములా కారులో పెట్టిన అమరిక ఇది. దాదాపు ఇప్పటి చిన్న కార్లన్నీ ఆ దారిలోనే నడిచాయి. లోపల జాగా బాగా కలిసొచ్చింది. కానీ గేర్‌బాక్స్ ఒక పక్కకు జరగడంతో బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ, అదే యాక్సిల్, ఒక చక్రానికి పొట్టిది, రెండో చక్రానికి పొడుగుది వచ్చాయి. గట్టిగా తొక్కితే పొడుగుది కాస్త ఎక్కువ మెలి తిరుగుతుంది. అదే సమయంలో బండి ముక్కు పైకి లేస్తుంది, యాక్సిళ్ల వంపు ఒక్కో పక్క ఒక్కోలా మారుతుంది. ఆ తేడా అంతా జాయింట్ల మీదుగా నీ చేతిలోని స్టీరింగ్‌కు చేరుతుంది.

1983లో మారుతి 800 వచ్చినప్పుడు ఈ గొడవే లేదు. అదీ ముందు చక్రాల బండే అయినా, నలభై హార్స్‌పవర్ కూడా లేనిది ఎవరి చేతిని లాగుతుంది? నీది 160 హార్స్‌పవర్. 253 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగేటప్పుడే వచ్చి పడుతుంది. పొడుగు యాక్సిల్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో ఇంకో షాఫ్ట్ పెట్టి రెండు పక్కలూ సమానం చేయడం కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నదే. ఫోర్డ్ వాళ్లు 2009లో 300 హార్స్‌పవర్ ఫోకస్ ఆర్‌ఎస్‌ను ముందు చక్రాలతోనే నడిపించడానికి స్టీరింగ్ తిరిగే భాగాన్ని సస్పెన్షన్ నుంచి వేరు చేశారు. ఇవన్నీ లాగుడును తగ్గిస్తాయి. మిగిలింది నీ పాదం చూసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, దీన్ని నెమ్మదిగా చదువు. ముందు టైర్లకు ఉండే పట్టు ఒక్కటే, చేయాల్సిన పనులు రెండు. బండిని లాగాలి, బండిని తిప్పాలి. కేసీ (కర్నూలు-కడప) కాలువ నీళ్లలాగా పైవాళ్లు తూము మొత్తం ఎత్తేస్తే చివరి ఆయకట్టుకు చుక్క మిగలదు. పట్టంతా లాగడానికే వాడేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. పైగా తొక్కిన క్షణంలో బరువు వెనక్కి వెళ్లి ముందు చక్రాలు తేలికవుతాయి. సరిగ్గా పట్టు కావలసినప్పుడే అది తగ్గుతుందన్నమాట.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాణ్ణి, వెనక చక్రాలు నెడుతుంటే మలుపులో తొక్కి బయటపడటం నాకు అలవాటు. మొదటిసారి ముందు చక్రాల టర్బో డీజిల్ కొన్న ఏడాది కడప నుంచి రాయచోటికి బయల్దేరాం. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం మూటలు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే సన్నగా తుంపర మొదలైంది. ముందు లారీ పాకుతోంది, అది పక్కకు దారి ఇచ్చింది. నేను రెండో గేరులో ఉన్నాను, ఎడమ మలుపు ఇంకా పూర్తి కాలేదు, స్టీరింగ్ తిరిగే ఉంది. అలాగే తొక్కేశాను. టైర్లు కీచుమన్నాయి, బండి మలుపు వదిలేసి నేరుగా కుడివైపుకు, ఎదురొచ్చే వాళ్ల దారిలోకి పోయింది. పైనుంచి బస్సు దిగుతోంది. నేను చేసిన తప్పేమిటంటే స్టీరింగ్‌ని ఇంకా తిప్పాను. జారుతున్న టైరును ఎంత తిప్పినా అది వినదు. భయంతో కాలు పైకి లేచింది కాబట్టి చక్రాలు మళ్లీ నేలను పట్టాయి, బండి ఎడమకు వచ్చింది. బస్సు హారన్ ఇప్పటికీ చెవుల్లో ఉంది. పైన పాలకోవా అంగడి ముందు ఆపి కూర్చున్నాను, టీ గ్లాసు పట్టుకోలేకపోయాను.

కాబట్టి స్టీరింగ్ తిన్నగా వచ్చేకొద్దీ పాదం కిందికి వెళ్లాలి. ఎంత తిప్పి ఉంటే అంత తక్కువ తొక్కు. ముక్కు బయటికి పోతున్నట్టు తోస్తే కాలు మెల్లగా తేలిక చెయ్యి, తిప్పింది అలాగే పట్టుకో, పట్టు దొరికేదాకా ఇంకా తిప్పకు. పూర్తిగా టక్కున వదిలేస్తే తోక ఊగే ప్రమాదం ఉంది, అది గుర్తుపెట్టుకో.

ఓవర్‌టేక్ దగ్గర నువ్వు రెండో గేరులోకి దించి తొక్కావు. మూడో గేరులో వెళ్లి చూడు. చక్రానికి చేరే బలం కాస్త తగ్గుతుంది, లాగుడు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది, బండి మాత్రం హాయిగా దాటిపోతుంది. టర్బో ఒక్కసారిగా అందుకునేలా తొక్కకుండా, రెండు మూడు సెకన్లలో పాదం లోపలికి వెళ్లేలా చూడు. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర ఉండాలి. ఒంటి చేత్తో నడపడం ఈ బండితో పనికిరాదు. ఇంకో విషయం చాలామంది గమనించరు. బండి కుడికి లాగుతుంటే నువ్వు ఎడమకు బిగించి పట్టుకుంటావు. గేరు మార్చేటప్పుడు కాలు తీయగానే ఆ లాగుడు మాయమవుతుంది. నీ బిగింపు మాత్రం అలాగే ఉండి బండి ఎడమకు ఉలిక్కిపడుతుంది. అందుకే పట్టు గట్టిగా కాదు, స్థిరంగా ఉండాలి.

మన దారుల సంగతి వేరే చెప్పాలి. ముద్దనూరు, ఎర్రగుంట్ల దగ్గర బూడిద, సిమెంటు లారీలు తిరిగే చోట తెల్లవారుజామున మంచు పడితే ఆ పొడి సన్నటి బురదవుతుంది. తొలకరికి పొలాల్లోంచి వచ్చే ట్రాక్టర్లు నల్లరేగడి మట్టిని తారు మీదికి తెస్తాయి. పల్లెల్లో రైతులు ఉలవ కట్టె రోడ్డు మీద పరిచి ఉంటారు. పాపం, వాళ్లకు వేరే కళ్లం లేదు. దాని మీద స్టీరింగ్ తిప్పకు, తొక్కకు, బ్రేకు కొట్టకు, అదే వేగంతో తిన్నగా దాటు. దాటాక ఆగి బండి కింద చూడు, సైలెన్సర్ వేడికి ఆ కట్టె అంటుకుని కార్లు కాలిపోయినవీ ఉన్నాయి. కంకర అంచు నుంచి హైవే ఎక్కేటప్పుడు ఒక చక్రం కంకర మీద ఉంటే అది ఊరికే తిరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండోదానికి పంపుతుంది. స్నేహితులు ఎంత చెప్పినా ఆ బటన్ ఆఫ్ చేయకు. ఇసుకలోనో బురదలోనో కూరుకుపోయి బండి కదలనప్పుడు మాత్రం ఆఫ్ చేసి, బయటపడగానే మళ్లీ వెయ్యి.

టైర్ల గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడు. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంతే గాలి పట్టించు. ముందు రెండింటిలో తేడా ఉంటే లాగుడు పెరుగుతుంది. ముందు రెండు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి ఉండాలి. అవి తొందరగా అరుగుతాయి కాబట్టి ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్పించు. బండి పాతబడ్డాక లాగుడు కొత్తగా ఎక్కువైతే ఇంజన్ మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించు. ఫుల్ టర్నింగ్‌లో టక్ టక్ అని వినిపిస్తే యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూట్) చిరిగి గ్రీజు పోయిందేమో చూడమను.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా కడపలో ఉండు. ఊరి బయట ఖాళీ లేఅవుట్‌లో బండ్లు రాని తారు రోడ్డు ఉంది, నలభై దాటకుండా అక్కడ చేసి చూపిస్తాను. ముందు మూడో గేరులో, తర్వాత రెండోదాంట్లో, అదే చోట తొక్కి నీ బండి ఏ పక్కకు లాగుతుందో చేతికి తెలిసేలా చేద్దాం. అక్క శనగకాయలు పంపుతానంది. ఒక్క మూటే పెట్టమను, మిగతావి నేను వచ్చినప్పుడు తెచ్చుకుంటాను.

మీ మామయ్య
కడప