వంటింటి సందేహాలు: సోలో మైక్రోవేవ్ సరిపోతుందా, కన్వెక్షన్ కావాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మేం మల్కాజిగిరిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను, మావారు, ఇంటర్ చదివే అమ్మాయి, 76 ఏళ్ల మా అత్తయ్య. పాత మైక్రోవేవ్ ఓవెన్ పాడైపోయింది. నేను స్కూల్ టీచర్‌ని, పొద్దున్నే వండిపెట్టి వెళ్లిపోతాను. మధ్యాహ్నం అత్తయ్యే వేడి చేసుకుని తింటారు. ఆవిడ స్టవ్ వెలిగించి మర్చిపోతారేమోనని స్కూల్లో ఉన్నంతసేపూ టెన్షనే. మావారు ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది, ఆయనకూ వేడి చేయాలి. అమ్మాయేమో కేకులు, పిజ్జా చేసుకుంటాను, కన్వెక్షనే కొనమంటోంది. షోరూమ్‌లో 28 లీటర్ల కన్వెక్షన్ చూపించి, వందల కొద్దీ ఆటో కుక్ మెనూలు ఉన్నాయన్నారు. 14 వేలు చెప్పారు. మేం 12 వేలు అనుకున్నాం. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, మీ ఇంటికి 20 లేదా 23 లీటర్ల సోలో మైక్రోవేవ్ తీసుకోండి. అదీ టచ్ బటన్లది కాదు, నాబ్‌లు తిప్పేది. మిగిలిన డబ్బుతో అమ్మాయికి చిన్న ఓటీజీ, అంటే కేకులు, పిజ్జా కాల్చుకునే కరెంటు ఓవెన్, కొనిపెట్టండి. సోలో సుమారు 6, 7 వేలకు, చిన్న ఓటీజీ 4, 5 వేలకు దొరుకుతాయి. మీరు అనుకున్న 12 వేలలోనే రెండూ వచ్చేస్తాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పగలు ఆ మిషన్ వాడేది మీ అత్తగారు. ఆవిడ ఒక్కరే ఇంట్లో ఉంటారు. సోలోలో పనిచేసేవి మైక్రోవేవ్ తరంగాలు మాత్రమే. అవి పదార్థంలో ఉన్న నీటిని కదిలించి వేడి పుట్టిస్తాయి. ఓవెన్ గోడలు పెద్దగా కాలవు. కన్వెక్షన్‌లో దీనికి తోడు హీటరు, ఫ్యాను ఉంటాయి. ఆ మోడ్‌లో పెడితే లోపల గాలి మొత్తం 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కేకు పొంగి, పైన ఎర్రగా కాలేది ఆ వేడికే. ఇప్పుడు అమ్మాయి ఆదివారం కేకు దింపిన పది నిమిషాలకే అత్తగారు ప్లాస్టిక్ డబ్బాలో పప్పు తెచ్చి అందులో పెట్టారనుకోండి. లోపలి వేడికే డబ్బా మెత్తబడి వంగిపోతుంది. తలుపు తీయబోతే చెయ్యి చురుక్కుమంటుంది.

గిన్నెల గొడవ ఇంకొకటి. కన్వెక్షన్ మోడ్‌లో అల్యూమినియం కేకు టిన్ను పెట్టవచ్చు. అదే ఓవెన్‌లో మైక్రో మోడ్‌లో స్టీలు గిన్నె పెట్టకూడదు. మనవరాలు టిన్ను పెట్టడం రోజూ చూస్తున్న మనిషి తన స్టీలు గిన్నె పెడితే తప్పు ఆవిడది కాదు. రెండు మిషన్లుంటే మాట తేలిక: మైక్రోవేవ్‌లో గాజు, ఓటీజీలో టిన్ను.

ఆటో కుక్ మెనూల సంఖ్య చూసి మోజుపడకండి. అవి వాళ్లు చెప్పిన బరువుకు, వాళ్లు చెప్పిన కొలతకు పనికొస్తాయి. మన ఇళ్లలో రోజూ జరిగేది అన్నం, కూర, పాలు వేడి చేయడం, అప్పడాలు కాల్చడం, బంగాళాదుంపలు ఉడకబెట్టడం. పోపు మాత్రం ఏ ఓవెన్ కొన్నా స్టవ్ మీదే పెట్టుకోవాలి.

నాబ్‌ల మోడల్‌కు రెండే ఉంటాయి, ఒకటి పవర్‌కు, ఒకటి టైముకు. ఇంటికి తెచ్చాక టైము నాబ్ పక్కన 2 నిమిషాల గీత దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి. కళ్లజోడు లేకపోయినా అత్తగారికి అది కనిపిస్తుంది. టైము అయిపోగానే గంట మోగి దానంతట అదే ఆగిపోతుంది. మీకున్న టెన్షన్‌కు అసలు మందు ఇదే. ఫ్రిజ్ మీద మాత్రం పెట్టకండి. కాలే గిన్నెను తల ఎత్తులోంచి దింపడం ఆ వయసులో ప్రమాదం. గ్యాస్ గట్టు మీదే చోటు చేయండి. చుట్టూ గాలి ఆడటానికి ఎంత ఖాళీ వదలాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అంత వదలండి.

కొనేముందు ఇంట్లో ప్లగ్ చూసుకోండి. ఓవెన్ మీద 700 వాట్లు, 800 వాట్లు అని రాసేది ఆహారానికి అందే పవర్. గోడ నుంచి అది లాగేది సుమారు 1,100, 1,200 వాట్లు. కన్వెక్షన్ మోడళ్లలో చాలావాటికి 2,000 దాటుతుంది. కాబట్టి 16 ఆంప్స్ పవర్ పాయింట్ కావాలి. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్‌కు కన్వర్టర్ తగిలించడం, ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగడం వద్దు. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్‌ను ముందే అడిగి పాయింట్ వేయించుకోండి. ఓటీజీనీ మైక్రోవేవ్‌నీ ఒకే పాయింట్ మీద కలిపి నడపకండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టర్ దీన్ని మోయలేదని కూడా అత్తగారికి చెప్పి ఉంచండి.

బేగంబజార్ వైపు వెళ్లినప్పుడు మూతలున్న, వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నెలు ఓ మూడు తెచ్చుకోండి. బంగారు అంచు ఉన్న పింగాణీ, మెలమైన్ ప్లేట్లు మైక్రోవేవ్‌లో పనికిరావు. షోరూమ్‌కు మీ ఇంట్లో అన్నం తినే ప్లేటు ఒకటి పట్టుకెళ్లి, ఓవెన్ లోపల తిరిగే గాజు పళ్లెం మీద పెట్టి చేత్తో తిప్పి చూడండి. అంచు గోడకు తగలకుండా తిరిగితే ఆ సైజు మీకు సరిపోయినట్టే. లీటర్ల లెక్క కన్నా నాకు ఈ పరీక్ష మీదే నమ్మకం.

మీవారికి రాత్రి వేడి చేయాలన్నారు కదా, బిర్యానీ సంగతి కూడా చెప్పేస్తాను. పార్సిల్ డబ్బాతో పెట్టకండి, గాజు గిన్నెలోకి తీయండి. ముక్కలు అంచు వైపు, అన్నం మధ్యకు సర్దండి. పైన రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూత వదులుగా పెట్టి, మీడియం పవర్‌లో 2 నిమిషాలు తిప్పండి. ఓసారి కలిపి మళ్లీ ఓ నిమిషం. తరంగాలు పై నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బాగా పనిచేస్తాయి, అందుకే లావు లెగ్ పీస్ పైన కాలి లోపల చల్లగా ఉంటుంది. దాన్ని విడదీసి, లోపల కూడా పొగలు వచ్చాకే వడ్డించండి. ఇక ముఖ్యమైనది, బిర్యానీలో వచ్చే ఉడికిన గుడ్డు. దాన్ని అలాగే పెట్టకండి. లోపల ఆవిరి చేరి పేలుతుంది, ఒక్కోసారి ఓవెన్‌లో కాదు, బయటికి తీసి చెంచా గుచ్చినప్పుడు మొహం మీదే పేలుతుంది. ముందే నాలుగు ముక్కలు చేసి పెట్టమని ఇంట్లో అందరికీ చెప్పండి.

ప్రశ్న: మా ఓవెన్‌లో గాజు గిన్నె పెట్టినా లోపల కుడి గోడ దగ్గర చిటపటమని మెరుపులు వస్తున్నాయి. కొత్తది కొనాల్సిందేనా? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తొందరపడకండి బాబూ, ముందు వాడటం ఆపేయండి. లోపల ఆ గోడకు అట్టముక్క లాంటి బూడిదరంగు షీట్ ఉంటుంది, దాన్ని మైకా షీట్ అంటారు. తరంగాలు లోపలికి వచ్చే దారికి అది మూత. కూర చింది, నూనె మరకలు పేరుకుంటే అక్కడ మాడి మెరుపులు వస్తాయి. నల్లగా కాలి చిల్లు పడి ఉంటే దాన్ని మార్పిస్తే చాలావరకు సరిపోతుంది. దానికయ్యే ఖర్చు కొత్త ఓవెన్ ధరలో చాలా చిన్న భాగం. మీ మోడల్‌కు సరిపోయే షీట్ వేయమని మెకానిక్‌ను పిలవండి. వెనక కవర్ మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టుల కరెంటు నిలిచి ఉండవచ్చు, అది ప్రాణానికే ప్రమాదం. షీట్ మార్చాక గ్లాసుడు నీళ్లు పెట్టి 2 నిమిషాలు నడిపి, మెకానిక్ ఉండగానే చూసుకోండి. అప్పుడూ మెరిస్తే లోపలి పెయింట్ ఎక్కడైనా లేచిపోయిందేమో చూడమనండి.