కొడుకు స్టార్టప్ కోసం చీనీ తోట తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర మూడెకరాల చీనీ తోట ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 30 లక్షలు 8.2 శాతం వడ్డీకి సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాను. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం మానేసి, నేలలో తేమను బట్టి మోటారు దానంతటదే ఆన్ అయ్యే పరికరం తయారు చేస్తున్నాడు. 25 లక్షలు కావాలంటాడు. స్కీము తీసేయనా, తోట తాకట్టు పెట్టనా? రెండు లక్షలు ముందు కడితే ఇన్వెస్టర్లను తెస్తానని ఒక కన్సల్టెంటు కూడా వెంటపడుతున్నాడు.

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. మీకు మూడు నెలలకోసారి వచ్చే 61,500 రూపాయల జోలికి అసలు పోవద్దు.

ముందు ఆ 25 లక్షలు దేనికో కాగితం మీద రాయించండి. పది తోటల్లో పెట్టి చూడటానికి బోర్డులు, సెన్సార్లు, సిమ్ కార్డులు ఎంతవుతాయి, జీతాలెంత, ఆఫీసు అద్దె ఎంత? నాకు తెలిసి ఇలాంటి లెక్కల్లో పరికరానికి అయ్యేది తక్కువే, మిగతాదంతా జీతాలూ అద్దే ఉంటాయి, వాటికి ఇప్పుడే తొందరేం లేదు.

నమూనా దశకు తిరిగి కట్టక్కర్లేని డబ్బు కోసం వెతకాలి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నిధి ప్రయాస్ అనే పథకం కింద ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చోటు, సలహా ఇచ్చి నిలబెట్టే సంస్థల) ద్వారా 10 లక్షల వరకు ఇస్తుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద అయితే నమూనాకు 20 లక్షల వరకు గ్రాంటు, సరుకు మార్కెట్‌కి తీసుకెళ్లడానికి 50 లక్షల వరకు అప్పు లేదా కన్వర్టబుల్ డిబెంచర్లు (తర్వాత కంపెనీలో వాటాగా మార్చుకోగలిగే అప్పు పత్రాలు). కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదు, డీపీఐఐటీ (పరిశ్రమల ప్రోత్సాహాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) గుర్తింపు ఉండాలి, డబ్బు కూడా ఒక్కసారిగా రాదు, పని జరిగిన కొద్దీ విడతలుగా వస్తుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఇంక్యుబేటర్‌నే అడగమనండి.

ఏంజెల్ ఇన్వెస్టర్లు, అంటే వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టేవాళ్లు, ఆ తర్వాతి మాట. పెట్టుబడికి ముందు కంపెనీ విలువ 2 కోట్లని ఒప్పుకుని 50 లక్షలు తీసుకుంటే మొత్తం రెండున్నర కోట్లు, అందులో ఐదో వంతు, అంటే 20 శాతం, వాళ్లది. పది మంది రైతులు డబ్బిచ్చి కొన్నాక వెళ్తే ఆ విలువ పెంచి అడగొచ్చు, వట్టి చేతులతో వెళ్తే వాళ్లు చెప్పిందే రేటు. అందుకే నేనైతే అబ్బాయిని ముందు పక్క తోటల వాళ్ల దగ్గర అడ్వాన్సు అడగమంటాను. ఊళ్లో మొహమాటానికి ఫ్రీగా పెట్టించుకునేవాళ్లు చాలామందే దొరుకుతారు, వాళ్లను లెక్కలో వేసుకోకూడదు.

మీకు ఇవ్వాలనే ఉంటే, మొత్తం పోయినా ఇంట్లో గొడవ రాని మొత్తం, మూడు నాలుగు లక్షలు మించకుండా ఇవ్వండి. అబ్బాయికే ఇస్తే గిఫ్టు, తండ్రి ఇచ్చినదానికి అతనికి పన్ను పడదు. అతను డైరెక్టరుగా ఉన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి నేరుగా అప్పుగా ఇస్తే మాత్రం, ఇది నేను వేరేచోట అప్పు చేసి తెచ్చింది కాదని మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి. తోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుకి ఆ సంతకం ఎలా పెడతారు చెప్పండి?

ఇక ఆ కన్సల్టెంటు. పెట్టుబడి కంపెనీ ఖాతాలో పడ్డ రోజే కమీషన్ ఇస్తామని చెప్పండి, ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తుతాడేమో చూద్దాం.