మడకా, నాగలా?

ప్రశ్న: నెలనెలా ఒక కొత్త నవల చదవమని ఈ పేజీలో చెప్తుంటారు. మీరూ నవల రాస్తున్నానంటారు. రాసేటప్పుడు ఇంకొకరిది చదివితే వాళ్ల గొంతు మన రాతలోకి వచ్చేయదా? నేను మొదటి నవల మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఆ భయంతో అప్పటినుంచి ఒక్క పుస్తకమూ ముట్టలేదు.
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: వస్తుందమ్మా. రాదని అబద్ధమెందుకు చెప్పాలి? కాకపోతే మీరు అనుకున్న చోటినుంచి రాదు.

రెండేళ్ల కిందట ఉరవకొండ పక్క పల్లె రైతు మీద నవల రాస్తున్నాను. పొద్దున నాలుగున్నరకు లేచి ఏడు దాకా రాత. మధ్యాహ్నం ఈ పేజీ కోసం చదువు. ఆ నెల చేతిలో ఉన్నది కోస్తా తట్టు నవల. బాగుంది. వాళ్ల కథ వేరు, నా కథ వేరు, కాబట్టి నాకే టెన్షనూ లేదు. అయిన కాడికి మా పెద్దక్కకు చదివి వినిపించాను. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. శెనక్కాయలు ఒలుచుకుంటూ వింటోంది. ముంగారు వాన పడి నా రైతు చేనికి బయల్దేరాడు. అక్క చెయ్యి ఆగింది. "యాడిదిరా ఈ నాగలి? మన తట్టు మడక గదా అంటాం?"

వెనక్కి తిరగేసి చూసుకున్నాను. మొదటి నలభై పేజీల్లో మడకే ఉంది. ఆ తర్వాత పదకొండు చోట్ల నాగలి. అదొక్కటే అయితే సరే. "వచ్చినాడు" అనాల్సిన మనిషి "వచ్చేడు" అంటున్నాడు! కథ ఎత్తుకొస్తానేమోనని మనం భయపడతాం గానీ, కథ అయితే మనకే తెలిసిపోతుంది. క్రియ చివర ఒక్క అక్షరం మారితే ఎవరు చూస్తారు? మా అక్క చూసింది.

అప్పటినుంచి చదవడం మానలేదు, వరస మార్చుకున్నాను. మొదటి రాత నడిచేటప్పుడు నా కథకు బాగా దూరంగా ఉన్నవి చదువుతాను. అనువాదాలు, పట్నం కథలు, డిటెక్టివ్ నవలలు కూడా (వాటిని చిన్నచూపు చూడకండి, అధ్యాయం ఎక్కడ ఆపాలో నేను వాటిలోనే నేర్చుకున్నాను). దిద్దేటప్పుడు మాత్రం మన సీమవే. నోటుబుక్ వెనక అట్ట మీద మడక, గొర్రు, గుంటక, కల్లం అని రాసి పెట్టుకున్నాను. అనుమానమొస్తే అట్ట తిప్పడమే. వారానికోసారి అనంతపురం బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి పెట్టించుకుని అరగంట కూర్చుంటాను. పల్లెల బస్సులు దిగినవాళ్ల మాటలు వింటుంటే చెవి మళ్లీ దారిలో పడుతుంది. ఉగ్గాని కోసమే పోతానని ఇంట్లో అంటారు. అదీ నిజమే.

మీ ఆరు నెలల ఉపవాసం గురించి ఒక మాట. పుస్తకం ముట్టనంత మాత్రాన చెవి ఖాళీగా ఉండదు. ఇంటర్‌లో చదివిన సీరియళ్లు లోపల మాట్లాడుతూనే ఉంటాయి. పైగా అవి మీ గొంతేనని మీరు నమ్ముతుంటారు. కొత్తవి చదివితేనే పాతవి ఎక్కడెక్కడ దూరాయో కనబడుతుంది.

ఉపవాసం విడిచేటప్పుడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'తో మొదలుపెట్టండి. కరువుకు గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల కథ. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. సినిమా చూశాం గదా అనకండి, ఆ భాష కోసం పుస్తకమే చదవాలి. దిద్దే రోజులు వచ్చాక బండి నారాయణస్వామి 'సప్తభూమి' తీయండి. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం ప్రాంతం అందులో ఉంది. కేంద్ర సాహిత్య అకాడమీ 2019 పురస్కారం దానికే. మా ఊరి తట్టు రచయిత గనక చెప్తున్నానంటారా? కొంచెం అందుకే.

ప్రశ్న: మీరూ నవలాకారులే గదా, మంచి నవల చదివితే కుళ్లుగా ఉండదా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఉండకేం? ఒక కుర్రవాడి మొదటి నవల వచ్చింది. వలసపోయిన పల్లె మీద. నేను రెండేళ్లుగా కుస్తీ పడుతున్న విషయమే. అతను నూట అరవై పేజీల్లో తేల్చేశాడు. పుస్తకాన్ని మంచం కిందికి తోసి రెండు నెలలు తియ్యలేదు. ఆ తర్వాత ఈ పేజీలోనే నాలుగు వాక్యాలు చప్పగా రాశాను. "ఆశాజనకమైన ప్రయత్నం" అని కూడా రాశాను. పెద్దవాళ్లు చిన్నవాళ్ల మీద నీళ్లు చల్లే మాట అది. మరుసటి సంచికలో మళ్లీ రాశాను, ఈసారి పేజీ నిండా. అతను ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు గానీ, మొదటి నాలుగు వాక్యాల ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా కథకు దగ్గరగా ఉన్న నవల వస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. నచ్చనివాటి గురించి రాయను. నా కిందటి నవల ఐదు వందల కాపీలు వేస్తే ఇంకా నూట ఇరవై అటక మీదే ఉన్నాయి. ఉన్న ఈ ఒక్క పేజీనీ ఇంకొకరి పుస్తకం కొనొద్దని చెప్పడానికి వాడలేను.

ప్రశ్న: నా నవల పంపిస్తే మీ పేజీలో రాస్తారా?
– ఒక రచయిత, నంద్యాల

జవాబు: చదువుతానని మాటిస్తాను, రాస్తానని ఇవ్వలేను. ముప్పై పేజీలు చదివి, ఆ ముప్పయ్యీ మళ్లీ పైకి చదువుతాను. నోరు తిరిగితే ముందుకు పోతాను. పీడీఎఫ్ వద్దు, నా కళ్లు ఊరుకోవు. కాపీ ఒక్కటి చాలు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి చెప్తున్నాను, పుస్తకాలకని ఉన్న తక్కువ రేటు రిజిస్టర్డ్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. మూడేసి కాపీలు పంపేవాళ్లున్నారు. మిగతా రెండూ మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.